స్కాన్ చదివించాకే ఈఎంఐ సంతకం

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయికి 13 ఏళ్లు, పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయి. క్లినిక్‌లో స్కాన్ తీసి అలైనర్లకు (పళ్లను సరిచేసే పారదర్శక తొడుగులకు) 2,40,000 రూపాయలు చెప్పారు. శనివారంలోగా సంతకం చేస్తే వడ్డీ లేకుండా నెలకు 10,000 చొప్పున 24 నెలలు కట్టవచ్చట. ఒకేసారి కడితే 20,000 తగ్గిస్తారట. స్కాన్లు వేరే నిపుణులకు చూపించడానికి 3,000 దాకా అవుతుంది. ఆ ఖర్చు అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. శనివారం దాటితే దాటనివ్వండి.

మా అన్నయ్య కూతురికి 12వ ఏట క్లిప్పులు వేయించారు. ఏడు నెలలైనా పై కోరపన్ను దిగలేదు. అప్పుడు మరో డాక్టరు పాత ఎక్స్‌రేనే వెలుగుకు పట్టి, వేలు పెట్టి చూపించారు. కోరపన్ను ఎముకలో అడ్డంగా పడుకొని పక్క పన్ను వేరుకు ఒరుసుకుంటోంది. అది మొదటి రోజునుంచీ ఆ ఎక్స్‌రేలో ఉన్నదే! చిన్న ఆపరేషన్, మరో ఏడాదిన్నర క్లిప్పులు, 85,000 అదనపు ఖర్చు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నోట్లో కెమెరా తిప్పి తీసే స్కాన్‌లో పళ్ల పైభాగమే కనిపిస్తుంది. వేర్లు, ఎముక, రాని పళ్లు తెలియాలంటే ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్‌రే ఉండాలి. మీకు ఏది తీశారో అడగండి. ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. మళ్లీ తీయిస్తే డబ్బూ దండగ, పిల్లకు రేడియేషనూ అనవసరం. ఎక్స్‌రే చదవడానికి ఓరల్ రేడియాలజీలో, చికిత్స పథకం చూడడానికి ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ల వరుస సరిచేసే విభాగంలో) ఎండీఎస్, అంటే దంత వైద్యంలో పీజీ చేసినవారు కావాలి. విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో రెండు విభాగాలూ ఉన్నాయి. రెండో అభిప్రాయం కోరడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నదే. మొహమాటపడకండి.

ఇక వడ్డీ సంగతి. నేడు 2,20,000తో పోయేదానికి వాయిదాల్లో 2,40,000 కడుతున్నారంటే ఏడాదికి దాదాపు 8.5 శాతం వడ్డీ పడుతున్నట్టే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

అంతకన్నా నన్ను భయపెట్టేది మరొకటి. ఇలాంటి వాయిదాలు సాధారణంగా ఫైనాన్స్ సంస్థ మీకిచ్చే రుణమే; మొత్తం సొమ్ము ముందే క్లినిక్‌కు చేరుతుంది, బాకీ మీ పేరున మిగులుతుంది. అమెరికాలో అలైనర్లు అమ్మిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఆగినా వాయిదాలు మాత్రం కట్టాలని చెప్పింది. అందుకే చికిత్స సాగే కొద్దీ దశలవారీగా చెల్లిస్తామని అడగండి. మామూలు ఆరోగ్య బీమాలో ఈ ఖర్చు రాదు కాబట్టి ప్రతి రూపాయీ మీ చేతిదే.

ఇప్పటికే యాప్‌లో సంతకం చేసేసి ఉంటే ఈ రోజే ఒప్పందం తీసి చూడండి. డిజిటల్ రుణాలకు కనీసం ఒక రోజు పునరాలోచన గడువు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ గడువులోగా అసలు, అప్పటిదాకా గడిచిన రోజుల వడ్డీ చెల్లించి బయటపడవచ్చు.