రైలు డ్రైవర్ కూతురు ఒపేరా గాయని కాగలదా?

ప్రశ్న: నేను కాజీపేటలో లోకో పైలట్‌ని. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చిన్నప్పటి నుంచి చర్చి క్వైర్‌లో పాడుతోంది. ఏడాదిగా ఒపేరా (పాటతోనే కథ నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) తప్ప వేరే ధ్యాస లేదు. రొమేనియా గాయని ఏంజెలా గెయోర్గియు వీడియోలు చూపిస్తూ ‘ఆవిడ వాళ్ల నాన్న కూడా నీలాగే రైలు నడిపేవాడు నాన్నా, ఆవిడ కాలేదా’ అంటోంది. ఇంజనీరింగ్ వద్దంటోంది. దీంతో బతుకు గడుస్తుందా? వద్దని గట్టిగా చెప్పేయమంటారా?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండి. గెయోర్గియు 1965లో అజుద్ అనే ఊళ్లో పుట్టింది. తూర్పు రొమేనియాలో అది చిన్న పట్టణమే, కానీ రైళ్లకు పెద్ద జంక్షన్. మీ కాజీపేటలాగే అనుకోండి. తండ్రి రైలు డ్రైవరు, తల్లి బట్టలు కుట్టేది. ఆ ఇంటి పిల్ల లండన్, వియన్నా, న్యూయార్క్ ఒపేరాల్లో నాయిక పాత్రలు పాడింది. అందుకని ‘మనలాంటి వాళ్లకి ఇవన్నీ ఎందుకు’ అన్న మాట మాత్రం మీ ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

అయితే అమ్మాయి ఆ కథలో మొదలు చూసింది, చివర చూసింది. మధ్యలో పదకొండేళ్లున్నాయి. పద్నాలుగేళ్లకే ఏంజెలా ఇల్లు వదిలి బుకారెస్ట్ వెళ్లి, రొమేనియా స్వరకర్త జార్జ్ ఎనెస్కు పేరుతో ఉన్న సంగీత పాఠశాలలో చేరింది. అక్కడ మియా బార్బు అనే గురువు దగ్గర గొంతు సాధన. తర్వాత అదే నగరంలో సంగీత అకాడమీ. 1990లో చదువు పూర్తయ్యాక క్లూజ్ నగరంలోని ఒపేరాలో, పుచ్చీని రాసిన ‘లా బొహీమ్’లో నాయిక మిమి పాత్రతో ప్రొఫెషనల్‌గా స్టేజీ ఎక్కింది. అప్పటికి పాతికేళ్లు.

ఆ పదకొండేళ్లలో పదేళ్లు కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలనలోనే గడిచాయి. తిండికి రేషన్, చలికాలంలో కరెంటు కోతలు. అయినా సంగీతం నేర్పే ప్రత్యేక స్కూళ్లు ప్రభుత్వమే నడిపేది, ఫీజు లేదు. బుకారెస్ట్, క్లూజ్, యాష్, తిమిషోరా నగరాల్లో సర్కారీ ఒపేరాలుండేవి. పిల్లలో విషయం ఉంటే నేర్పడానికి బడి, బడి అయ్యాక పాడడానికి స్టేజీ రెండూ సిద్ధంగా ఉండేవి. మనకి ఆ ఏర్పాటు లేదు. ముంబైలో రాయల్ ఒపేరా హౌస్ భవనం 2016లో మళ్లీ తెరిచారు గానీ, నెలనెలా జీతమిచ్చి గాయకుల్ని పెట్టుకునే ఒపేరా కంపెనీ మన దేశంలో లేదు. కాబట్టి పిల్లకి టాలెంట్ ఉందా అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ పదకొండేళ్లు మీ అమ్మాయికి ఎక్కడ దొరుకుతాయి, ఎవరు నేర్పుతారు, ఖర్చు ఎలా?

ముందు ఒక మంచి మాట. పదిహేడేళ్లంటే ఆలస్యం కాదు. వయొలిన్, పియానో అయితే ఐదారేళ్లకే మొదలుపెట్టాలి. గొంతు అలా కాదు. సోప్రానో, అంటే ఆడవాళ్లలో అన్నిటికంటే పై స్థాయి గొంతు, ఇరవై దాటాకే నిలకడకు వస్తుంది. అంతకు ముందు దాన్ని తొందరపెడితేనే ప్రమాదం. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి వీడియోలు చూసి పై స్వరాలు అందుకోవాలని రోజూ మూడు గంటలు బిగించి పాడింది. గొంతులో నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు, వచ్చి ఆరు నెలలు పాటకి దూరమైంది. ఆ పిల్ల నా ముందు కూర్చుని కాగితం మీద రాసి మాట్లాడింది, నోరు తెరవొద్దని డాక్టర్ చెప్పారట. అది నేను మర్చిపోలేను.

ఒపేరాలో మైక్ ఉండదు. అరవై డెబ్బై వాయిద్యాల ఆర్కెస్ట్రా మీదుగా, రెండు వేల మంది కూర్చున్న హాల్లో ఆఖరి వరసకి వినబడాలి. అదీ అరవకుండా, ఊపిరి మీద. పైగా అది ఒక్క పాట కాదు, మూడు గంటల నాటకం. మీ అమ్మాయిని 1994లో లండన్ ఒపేరా హౌస్ కోవెంట్ గార్డెన్‌లో గెయోర్గియు పాడిన ‘లా ట్రావియాటా’ చూడమనండి, మీరూ పక్కన కూర్చోండి. ఆర్కెస్ట్రాని నడిపించిన కండక్టర్ జార్జ్ సోల్టీకి అప్పటికి 82 ఏళ్లు. ఆ ప్రదర్శన కోసం బీబీసీ అనుకున్న కార్యక్రమాలు పక్కనబెట్టి లైవ్ ఇచ్చింది. మొదటి అంకంలో నాయిక వియొలెట్టా పాత్రకి గొంతు పిట్టలా ఎగరాలి. చివరి అంకంలో క్షయతో మంచాన పడి ఒక ఉత్తరం చదువుతుంది. అక్కడ పాట లేదు, వెనక వయొలిన్లు సన్నగా మోగుతుంటే మామూలు మాటల్లో చదువుతుంది. వెంటనే అద్దంలో ముఖం చూసుకుని, గతానికి వీడ్కోలు పాట. ఆ రెండింటికీ మధ్య ఆవిడ ఊపిరి ఎలా తీసుకుంటుందో గమనించమనండి. పదకొండేళ్ల చదువు అక్కడ కనిపిస్తుంది.

ఇక చదువు సంగతి. బీటెక్ వద్దనే నా సలహా. సంగీతం గొప్పదనీ ఇంజనీరింగ్ తక్కువనీ కాదు. నాలుగేళ్లు ల్యాబులూ ఇంటర్నల్సూ అటెండెన్సూ అంటూ గడిస్తే, గొంతుకి కావాల్సిన వయసు అందులోనే కరిగిపోతుంది. అలాగని ఇంటర్‌తో ఆపేయడానికి కూడా నేను ఒప్పుకోను. హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది. అక్కడ బీఏ జర్మన్ చేయించండి. ఒపేరాకి ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ మూడూ కావాలి. ఉద్యోగాలు ఎక్కువ జర్మనీలో ఉన్నాయి కాబట్టి జర్మన్‌తో మొదలుపెట్టడం మేలు. రేపు పాట కుదరకపోయినా అనువాదం, టీచింగ్, జర్మన్ కంపెనీలతో పనిచేసే ఆఫీసుల్లో ఉద్యోగాలు ఉంటాయి. మీ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఆ డిగ్రీ చదివినన్నాళ్లూ వెస్ట్రన్ క్లాసికల్ నేర్పే టీచర్ దగ్గర వారం వారం క్లాసు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్లు పెట్టే లాంటి సంగీత గ్రేడ్ పరీక్షలు హైదరాబాద్‌లోనే రాయొచ్చు. పాటతో పాటు పియానో, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి పాడడం తప్పనిసరి. క్వైర్ పిల్లలు చాలామంది విని పట్టేస్తారు. అది గొప్ప వరమే, కానీ ఆడిషన్‌లో కాగితం చేతికిచ్చి పాడమంటారు. ముంబైలో పుట్టి లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో నేర్పిన ప్యాట్రీషియా రొజారియో మన దేశంలోనూ పిల్లలకి శిక్షణ ఇచ్చారు. అలాంటి వర్క్‌షాపుల కోసం ఓ కన్నేసి ఉంచండి.

తర్వాత జర్మనీ సంగీత కళాశాలల ప్రవేశ ఆడిషన్లు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ కళాశాలలకి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో అయితే యూరప్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. బతకడానికి సరిపడా డబ్బుందని వీసా కోసం, నెలకింత చొప్పునే తీసుకోగల బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు, మన డబ్బులో పది లక్షలు దాటుతుంది. ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన ఇప్పుడే వద్దు. ఆడిషన్ పాసయ్యాక లెక్క చూసుకుందాం.

ఉద్యోగం ఎలా ఉంటుందో మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. మీరు మొదటి రోజే మెయిల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కలేదు కదా. అసిస్టెంటుగా, తర్వాత గూడ్స్, తర్వాత ప్యాసింజర్ అయ్యాకే అక్కడికి చేరారు. జర్మనీలో ప్రభుత్వ సాయంతో నడిచే 80కి పైగా థియేటర్లలో ఒపేరా ఉంది. వాటిలో చేరినవాళ్లు పనిమనిషి పాత్ర, రెండు వాక్యాల పాత్ర పాడుతూ నెల జీతం తీసుకుంటారు. మీ ఉద్యోగంలా పర్మనెంట్ మాత్రం కాదు. కాంట్రాక్టు ఏడాదికి ఏడాది. వచ్చే సీజన్‌కి వద్దనుకుంటే అక్టోబరు 31 లోపు చెప్పేస్తారు. కోరస్‌లో పాడేవాళ్లకీ పూర్తి జీతం ఉంటుంది, నా దృష్టిలో అది చాలా గౌరవమైన బతుకు. బయట గెస్టుగా పాడేవాళ్లకి షోకింత. జలుబు చేసి పాడకపోతే ఆ రోజు డబ్బు పోయినట్టే.

అదే జలుబు ఒక్కోసారి ఇంకొకరికి తలుపు తెరుస్తుంది. రొమేనియాలోనే గలాట్స్ ఊరి అమ్మాయి ఇలియానా కొత్రుబాష్. 1975 జనవరి 7న మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హౌస్‌లో మిమి పాడాల్సిన మిరెల్లా ఫ్రేనికి ఒంట్లో బాగోలేదు. కబురందగానే కొత్రుబాష్ ఇంగ్లండ్‌లో తన ఇంటి నుంచి విమానమెక్కింది. తెర లేవడానికి పావుగంట ముందు చేరి పాడేసింది. ఆ పాత్ర ముందే నోటికి వచ్చి ఉండబట్టి కదా. గెయోర్గియు విషయంలో ఇంకో సంగతి కూడా అమ్మాయికి చెప్పండి. 2007లో షికాగో ఒపేరా, రిహార్సల్స్‌కి సరిగ్గా రాలేదని ఆవిడని ‘లా బొహీమ్’ నుంచి తప్పించింది. అంత పేరున్న గాయనికే అలా జరిగింది.

ఇప్పటికి ఇంటర్ పరీక్షలు రాయనివ్వండి. అవయ్యాక ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి స్వరపేటిక ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి రెండు రెండున్నర గంటలే కాబట్టి మొదటి క్లాసుకి మీరే తీసుకెళ్లండి. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఏ ఆడిషన్లు పాసయ్యారని టీచర్ని అడగండి. రోజుకి ఎంతసేపు పాడిస్తారో అడగండి. పదిహేడేళ్ల పిల్లకి మొదటి ఏడాది ఏం పాడిస్తారో కూడా తప్పకుండా అడగండి. పాత ఇటాలియన్ చిన్న పాటలు, మోట్సార్ట్ అంటే సరే. ‘టోస్కా’ లాంటి భారీ పాత్ర పాటలు పాడిస్తానంటే మాత్రం ఇంకో టీచర్ని వెతుక్కోండి. 1900లో రోమ్‌లో ఆ పాత్రని మొట్టమొదట పాడింది కూడా రొమేనియా గాయనే, హరిక్లేయా దార్‌క్లే. గెయోర్గియు సినిమా కోసం ముందే పాడినా, స్టేజీ మీద పూర్తి టోస్కా పాడింది 2006లో. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్లు.