పాదు, పాదుకొను, ఆలవాలం

ప్రశ్న: పెరట్లోనూ మిద్దె మీదా కూరగాయలు పెంచుతున్నాం. టమాటా మొదట్లో నీళ్ళు నిలవడానికి చేసే గుంటను మా అత్తగారు 'పాదు' అంటారు. సొరతీగను కూడా ఆమె 'సొరపాదు' అనే అంటారు. పాదు అంటే గుంటా, తీగా? 'టమాటా పాదు' అనవచ్చా? మొక్క పాదం దగ్గర ఉంటుంది కనుక పాదు అయిందని మా అబ్బాయికి చెప్పాను, సరేనా? 'పాదుకొను'కూ దీనికీ చుట్టరికం ఉందా? టమాటా, టమోటా, టొమాటోలలో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్న చిన్నది, దాన్ని ముందు తీర్చేస్తాను. మూడూ వాడుకలో ఉన్నవే. మెక్సికోలోని నాహువాటల్ భాషలో 'టొమాటల్', స్పానిష్‌లో 'టొమాటే', ఆ తర్వాత ఇంగ్లీషు మీదుగా మనదాకా వచ్చిన మాట అది. మీ ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే రాయండి. పాతవాళ్ళు కొందరు 'రామములగ' అనేవారు. అందులోని ములగ నేలములకలోని ములక వంటిది, వంగజాతికి చెందినది. మునక్కాయతో దానికి సంబంధం లేదు. ఇక పాదు సంగతి.

పాదు ప్రధానంగా గుంటే. అయితే ఉత్త గుంట కాదు. మొక్క మొదలు చుట్టూ మట్టిని వలయంగా తీసి, తీసిన మట్టితోనే అంచు కట్టి, పోసిన నీరు పక్కకు పోకుండా వేళ్ళకే దిగేటట్టు చేసిన చోటు. ఆ చోటి పేరే అందులో పెరిగిన తీగకూ వచ్చింది. 'ఊరంతా కదిలింది' అంటే ఊళ్ళోవాళ్ళు కదిలారని అర్థమైనట్టే 'సొరపాదు బాగా కాసింది' అంటే పాదులోని తీగ కాసిందని అర్థం. మీ అత్తగారి రెండు వాడుకలూ నిక్షేపమైనవి.

ఈ రెండో అర్థం మాత్రం అన్ని మొక్కలకూ అంటలేదు. బీరపాదు, కాకరపాదు, పొట్లపాదు, గుమ్మడిపాదు, చిక్కుడుపాదు, కోస్తాలో ఆనపపాదు, ఇవన్నీ ఉన్నాయి. వంగపాదు, మిరపపాదు వినపడవు. తీగలకు మాత్రమే చెల్లింది అని సరిపెట్టుకోవచ్చు. కానీ నాకు ఇంకో కారణం తోస్తుంది. సొరకూ బీరకూ విత్తు పాదులోనే పెడతారు. అక్కడే మొలిచి, అక్కడే మారాకు వేసి, అక్కడినుంచే పందిరెక్కుతాయి. దొండ గింజతో కాక ముక్కతో వచ్చినా, ఆ ముక్కను పాతేదీ పాదులోనే. వంగ, మిరప, టమాటా అలా కాదు. నారుమడిలో పుట్టి, 25–30 రోజులకు నాలుగైదు ఆకులతో ఇంకో చోటికి వస్తాయి. పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. పుట్టిన చోటి పేరు అంటిపెట్టుకునే అవకాశం వాటికి లేకపోయింది. (ఊళ్ళ పేర్లలోని 'పాడు' వేరే మాట. గుంటూరు వైపు దొండపాడును ఎవరూ దొండపాదు చేయకూడదు.)

మీరు అబ్బాయికి చెప్పిన వ్యుత్పత్తి చాలామంది నమ్మేదే. నమ్మడానికి ఆధారం కూడా ఉంది. సంస్కృతంలో చెట్టు 'పాదపం', అంటే పాదాలతో తాగేది. వేళ్ళు పాదాలైతే, వాటికి నీళ్ళు పెట్టే చోటు పాదు కావడం సహజమనిపిస్తుంది. కానీ ఇరుగుపొరుగు భాషలను చూడండి. మళ్ళు చేసిన నేలను తమిళులు 'పాత్తి' అంటారు. ఉప్పుమడి కూడా వారికి పాత్తే. మొక్కకు నీళ్ళు నిలిపే మడి కన్నడంలో 'పాతి'. పాదు ఈ ఇంటి బిడ్డ. సంస్కృత పాదానికీ దీనికీ ఉన్నది పోలికే కాని పుట్టుక కాదు. 'కర్ర పాతు'లోని పాతుతో దీన్ని కలపాలని కూడా మనసు లాగుతుంది. అది నిజమే కావచ్చు, నేను పట్టుబట్టను.

ఈ పొరపాటు ఇంట్లో ఉన్నంతవరకు నష్టం లేదు. ఇప్పుడు అచ్చులోకి వచ్చి 'మొక్క పాదాల వద్ద నీరు పోయండి' అని రాస్తున్నారు. తెలుగులో మొక్కకు ఉండేది మొదలు. 'మొదట్లో నీళ్ళు పొయ్యి' అని పల్లెలో చిన్నపిల్లలు సైతం అంటారు. పాదపం అనే సమాసం బలంతో పాదాలను తప్పనలేను కాని, వినడానికి ఎబ్బెట్టుగా ఉంది. తోటపని చెప్పేవారు 'బేసిన్ చేసుకోండి', 'వాటర్ రింగ్ పెట్టండి' అనడం అంతకంటే బాధ. రెండక్షరాల మాట నోట్లో ఉండగా ఆ అవస్థ ఎందుకు?

పాదుకు సంస్కృతంలో దీటైన మాట 'ఆలవాలం'. ఆలవాలం, ఆవాలం, ఆవాపం అని అమరకోశం మూడు పేర్లు చెప్పింది. ఈ మాటను తెలుగులో పోతనగారంత అందంగా నాటినవారు లేరు. భాగవతం మొదట్లోని ఈ పద్యం చాలామందికి నోటికి వచ్చు, పాదు దగ్గర ఆగేవారు తక్కువ:

లలితస్కంధము, కృష్ణమూలము, శుకాలాపాభిరామంబు, మం
జులతాశోభితమున్, సువర్ణసుమనస్సుజ్ఞేయమున్, సుందరో
జ్జ్వలవృత్తంబు, మహాఫలంబు, విమలవ్యాసాలవాలంబునై
వెలయున్ భాగవతాఖ్యకల్పతరు వుర్విన్ సద్ద్విజశ్రేయమై.

భాగవతం ఒక కల్పవృక్షం. స్కంధం అంటే బోదె, గ్రంథంలో భాగం కూడా. కృష్ణమూలమంటే నల్లని వేరు, కృష్ణుడే మూలం. శుకాలాపాలు చిలుకల పలుకులు, శుకమహర్షి మాటలు. వృత్తం గుండ్రనిది, పద్యం. ద్విజులు పక్షులు, బ్రాహ్మణులు. ఇవి పాఠాల్లో చెప్పేవే. నన్ను పట్టి నిలిపేది 'విమలవ్యాసాలవాలంబు'. గ్రంథం వైపు చూస్తే, నిర్మలుడైన వ్యాసుడే దీనికి పాదు. వ్యాసుణ్ణి వేరు అనలేదు, బోదె అనలేదు, విత్తు అనలేదు. నీటిని పారిపోనివ్వకుండా పట్టి వేరుకు అందించేవాడన్నారు. రచయిత పనిని ఇంత కచ్చితంగా చెప్పిన ఉపమ అరుదు. చెట్టు వైపు చూస్తే వ్యాసమంటే అడ్డుకొలత, వెడల్పు. కలుపు లేక శుభ్రంగా, వెడల్పుగా ఉన్న పాదు అని అర్థం. పాదుకు కావలసిన గుణాలు రెండే, విమలత, వ్యాసం. ఆ రెండూ ఒక్క సమాసంలో ఉన్నాయి. బమ్మెర పోతన పేరిట వాడుకలో ఉన్న చాటుపద్యంలో 'హాలికులైననేమి... కందమూల కౌద్దాలికులైననేమి' అని ఉంటుంది. కౌద్దాలికుడంటే తవ్వుకుని బతికేవాడు. ఆ చాటువు ఆయనదేనా అన్నది పక్కన పెట్టినా, ఈ సమాసం మాత్రం పాదు ఎలా ఉండాలో తెలిసిన మనిషిదే.

వ్యాసం ఎందుకంటే, నీటిని పీల్చే సన్నని పీచువేళ్ళు కాండానికి ఆనుకుని ఉండవు, కొమ్మల అంచు కింద ఉంటాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మొక్క నీడ ఎంతమేర పడుతుందో పాదు కనీసం అంత ఉండాలి. నాటిన రోజున టమాటాకు జానెడు పాదు చాలు. పూత నాటికి అడుగున్నర చేయాలి. అంచు మూడు నాలుగు అంగుళాల ఎత్తు. నాటేటప్పుడు కాండాన్ని కింది ఆకుల దాకా మట్టిలోకి దించితే, పూడిన భాగం నుంచి కొత్త వేళ్ళు వస్తాయి. తర్వాత మొదలు దగ్గర రెండు అంగుళాల మట్టి ఎగదోసి, నీరు చుట్టూ నిలిచేలా చేయాలి. కాండాన్ని తడి ఆనుకుని ఉంటే అక్కడే కుళ్ళుతుంది. బత్తాయి తోటల్లో బంకతెగులు భయంతో రెండు వలయాలు చేసి, లోపలిదాన్ని పొడిగా వదిలేది ఇందుకే. పోతనగారి కల్పవృక్షానికి నల్లని వేరు శోభ. టమాటాకు వేరు తెల్లగా ఉండాలి, నల్లబడి మెత్తబడితే నీరు నిలిచిపోయిందని గుర్తు.

విమలత అంటే కలుపు తీయడం. వేళ్ళు తెగకుండా పైపైన గీకాలి. ఆ పైన ఎండుటాకులో వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరచాలి, కాండం చుట్టూ కొంచెం వదిలి. మట్టి ఒకే తీరుగా తడిగా ఉండడం టమాటాకు ప్రాణం. కాయ అడుగున నల్లగా తోలులా మచ్చ పడుతుంది చూడండి, దానికి కారణం కాల్షియం కాయకు అందకపోవడం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. దాన్ని మోసుకుపోయే నీరే ఒకరోజు ఎక్కువై, మూడు రోజులు లేకపోతుంది. గుడ్డుపెంకుల పొడి వేసినా మెల్లగా కరుగుతుంది తప్ప ఆ కాతను కాపాడదు. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా నీళ్ళు ముంచితే కాయలు పగులుతాయి. వేసవిలో పూత రాలడం మాత్రం పాదు తప్పు కాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటితే చలికాలానికి కాయ నిలుస్తుంది.

మిద్దె మీద కుండీకి పాదు ఏదని మీరడగలేదు. అంచు నుంచి రెండు అంగుళాలు ఖాళీ వదిలితే అదే పాదు. నిండా మట్టి నింపితే నీరు అంచు దాటి పోతుంది, మట్టి పైపైనే తడుస్తుంది. టమాటాకు 15–20 లీటర్ల మట్టి పట్టేది కావాలి, అడుగున తూట్లు తప్పనిసరి.

పద్యం చివర 'సద్ద్విజశ్రేయమై' అని ఉంది కదా. పాదుకూ పక్షికీ పొత్తు పాతది. కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో మునికన్యలు చెట్లకు నీళ్ళు పోసి వెంటనే పక్కకు తప్పుకుంటారు, పాదులో నీళ్ళు తాగే పక్షులు బెదరకుండా. ఆయనదే శాకుంతలంలో చెలికత్తె అనసూయ శకుంతలతో, 'నీకంటే ఈ మొక్కలే తండ్రికి ఎక్కువ, అందుకే సుకుమారివైన నిన్ను పాదులు నింపడానికి పెట్టాడు' అనే భావంతో మాట్లాడుతుంది. ఆలవాలమనే మాటకు అంత తడి ఉంది. పక్షులు పాదు దగ్గర ఆగక పండును కూడా పొడుస్తాయి కనుక టమాటాను దోరగా, రంగు తిరగగానే కోసి ఇంట్లో పండనివ్వడం మేలు. ఫ్రిజ్‌లో పెడితే రుచి చస్తుంది. ఎండ తగలని చోట గంపలో పెట్టండి. దోరకాయ పచ్చడికి వచ్చే పులుపు బాగా పండినదానికి రాదు. 'దోర' అనే మాట కూడా పిల్లలకు నేర్పండి. 'సెమీ రైప్' అని వాళ్ళు అంటుంటే వినలేకపోతున్నాను.

పాదుకొను అచ్చంగా పాదు నుంచి వచ్చిందే. మొక్క పాదులో కుదురుకోవడం మొదటి అర్థం, వేరూని స్థిరపడడం తర్వాతిది. పాదుకొల్పడం అంటే అలా స్థిరపడేట్టు చేయడం. పాదుకలతో దీనికి పని లేదు. ఆలవాలం కూడా ఇలాగే తోట నుంచి బయటికి వచ్చి 'సుగుణాలకు ఆలవాలం' అయింది. దాన్ని 'అవినీతికి ఆలవాలం', 'దోమలకు ఆలవాలం' అని పత్రికలు రాస్తుంటే మనసు చివుక్కుమంటుంది. తెలిసి పోసిన నీరు, కావాలని పెంచిన చెట్టు ఆ మాటలో ఉన్నాయి. దోమలకు 'నిలయం' చాలు. అయితే తప్పని కొట్టివేయలేను, తుంగ మొలిచేది కూడా పాదులోనే.

ఇక 'టమాటా పాదు'. గుంట అనే అర్థంలో నిస్సందేహంగా అనవచ్చు. మొక్క అనే అర్థంలో టమాటా మొక్క, టమాటా చెట్టు అనడమే వాడుక. కానీ ఎత్తు ఆగకుండా ఆరేడు అడుగులు పెరిగే రకాలను తాడు కట్టి పైకి పాకిస్తున్నారు. అలాంటిదాన్ని మీ ఇంట్లో పాదు అంటే నేను అడ్డు చెప్పను. మరొక్క భేదం గమనించండి. 'పాదు చేయడం', 'పాదు తీయడం' మట్టిపని. 'పాదు పెట్టడం' అంటే విత్తులు పెట్టడం. మీ అత్తగారు 'సొరపాదు పెట్టు' అన్నారంటే రెండడుగుల వెడల్పు, అడుగు లోతు తవ్వి, రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి, నానబెట్టిన గింజలు నాలుగు పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచమని. ఆ తీగకు మొదట వచ్చేవన్నీ మగపూలు. అవి రాలిపోతుంటే తెగులు వచ్చిందని మందు కొట్టకండి. వెనక చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. సొరపువ్వు సాయంత్రం విచ్చుతుంది కనుక తేనెటీగలు రాని మిద్దె మీద ఆ వేళకే మగపువ్వును కోసి దానికి అద్దాలి.