సూటిగా ఎట్లా వెళ్తాయమ్మా?

అమ్మాయ్,

అయాన్ పుంజాలతో ఇంధన గుళికను కొట్టి ఫ్యూజన్, అంటే పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీయడం, దాని మీద నువ్వు రాసిన వ్యాసం గుంటూరు నుంచి విజయవాడ వస్తూ బస్సులో చదివా. ఇంధన గుళిక కందిగింజంత అన్నావు, బాగుంది. కాజ టోల్‌గేట్ దగ్గర ఒక వాక్యం తగిలింది, మంగళగిరి దాటినా పేజీ తిప్పలా. "అయాన్ పుంజాలు సూటిగా వెళ్లి గుళికను తాకుతాయి." అంతేనా?

సీసం అయాన్లంటే ఎలక్ట్రాన్లు ఊడిన సీసం పరమాణువులు, అన్నీ ప్లస్ చార్జివే కదా, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. క్వాడ్రుపోల్, అంటే నాలుగు ధ్రువాల అయస్కాంతం, పుంజాన్ని అడ్డంగా నొక్కితే అది నిలువుగా సాగుతుంది, అందుకే మార్చి మార్చి పెట్టి పుంజాన్ని కట్టడి చేస్తారు. ఆఖరి అయస్కాంతం దాటాక గుళిక ఉండే చాంబర్లో కొన్ని మీటర్లు పట్టుకునే నాథుడు లేడు, అయినా కొన్ని మిల్లీమీటర్ల చోట, సుమారు 10 నానోసెకన్లలో, మెగాజౌళ్ల లెక్కన శక్తి దించాలి. పైగా హైలైఫ్-2 లాంటి రియాక్టర్ డిజైన్లో గోడల్ని కాపాడటానికి ఫ్లైబ్ అనే కరిగిన ఉప్పు ధారలు, ఆ ఉప్పు ఆవిరి తగిలి అయాన్ల ఎలక్ట్రాన్లు ఇంకా ఊడతాయి, చార్జి పెరిగి తోపులాట ఎక్కువవుతుంది. అందుకే దారిలో ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయువు, పెట్టి దాని ఎలక్ట్రాన్లతో ఆ చార్జిని సర్దుతారు. అమెరికాలో బర్క్‌లీ ల్యాబ్‌లో ఎన్‌టీఎక్స్ అని పొటాషియం అయాన్లతో చిన్న ప్రయోగం చేసి ప్లాస్మా ఉంటే పుంజం పడే చుక్క ఎంత తగ్గుతుందో చూపించారు. నీ వ్యాసంలో ఇదేదీ లేదు, రెండు పేజీలు అమెరికా లేజర్ ఫ్యూజన్ కేంద్రం నిఫ్ 2022 డిసెంబరు నాటి గొప్పలే, 2.05 మెగాజౌళ్లు పెడితే 3.15 వచ్చిందని. అది లేజర్ల కథ తల్లీ.

మాది రేపల్లె వైపు, కాలవ చివరి భూమి. బ్యారేజీ గేట్లెత్తిన ఫొటో పేపర్లో పడేది, మా చేలో మాత్రం నెర్రెలు. మా నాన్న లాంతరు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరిగేవాడు, పైవాళ్లు తూము కింద గడ్డిమోపు కుక్కారేమోనని. నా మొదటి వ్యాసం ఆ గట్టు గురించే. ఎడిటరు గారు బ్యారేజీ ఉంచాడు, కోతలు ఉంచాడు, మధ్యలో నాలుగు పేరాలు లేపేశాడు, చోటు లేదట, పక్కనే అరపేజీ వారఫలాలు! ముప్పై ఏళ్లయినా మంట తగ్గలా. ఇప్పుడు ఎవరూ కొయ్యక్కర్లా, మీరే "భూమ్మీద సూర్యుడు" అని మొదలెట్టి చివరికి దూకేస్తున్నారు. కాలవ నీళ్లు నయం, వాటికవి తోసుకోవు.

నీ కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ఆఖరి అయస్కాంతం దగ్గర మొదలెట్టి గుళిక దాకా ఆ కొన్ని మీటర్లూ రాయి. ప్రింటు తీసి పంపు, ఫోన్లో అక్షరాలు నాకు ఆనట్లా.