మ్యాపుల పని పుస్తకాలతో నేర్చుకుంటానన్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వు పంపిన పుస్తకాల లిస్టు చూశాను. ఎవరిచ్చారో గానీ అందులో సగం సాఫ్ట్‌వేర్ పుస్తకాలే, ముందు వాటిని తీసెయ్. ఏ మెనూలోకి వెళ్ళాలి, ఏ బటన్ నొక్కాలి అని చెప్పే పుస్తకం అచ్చయి నీ చేతికొచ్చేసరికి ఆ బటన్ ఇంకెక్కడికో పోయి ఉంటుంది. ఆర్క్‌మ్యాప్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ మీద లావుపాటి పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరుకుతున్నాయని మీ అన్నయ్య సంబరపడుతున్నాడట. ఎందుకు చవకో ఆలోచించాలిగా, చేసిన కంపెనీయే దాన్ని పక్కనపెట్టి ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే కొత్తదానికి మారిపోయింది. నువ్వెలాగూ క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ వాడతావు, పైసా ఖర్చు లేదు, దాని మాన్యువల్ నెట్‌లోనే ఉంది, దాంతోపాటే జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల్నీ వాటి డేటానీ కలిపి నడిపే పద్ధతి) అంటే అసలేమీ తెలియని వాళ్ళ కోసం రాసిన చిన్న పరిచయ పుస్తకం కూడా ఉచితంగా పెట్టారు. అది చాలు. డబ్బు పెడితే పాతబడని సంగతుల మీద పెట్టు: ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి దింపే పద్ధతులు), స్కేలు, రంగులు, పేర్లు రాయడం.

ఇంకో మాట. మొదటి పేజీ నుంచి అట్టదాకా చదివేద్దామని కూర్చోకే, ఈ పుస్తకాలు అలా చదివితే నిద్ర తప్ప ఏమీ రాదు. ముందు ఒక మ్యాప్ పెట్టుకో, ఒక్కటే, నీ సొంతది. మీ అనంతపురం మండలాలది అనుకో. ఆ మ్యాప్ ఎక్కడ మొరాయిస్తే అప్పుడు ఆ అధ్యాయం తియ్.

మొదటి పుస్తకం పేరు చెప్తే నవ్వుతావు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జాగ్రఫీ ప్రాక్టికల్స్ పుస్తకం. డిగ్రీ చేసినదాన్ని స్కూలు పుస్తకం చదవాలా అనకు. స్కేలు, అక్షాంశాలు, రేఖాంశాలు, ప్రొజెక్షన్లు, టోపోషీట్ (సర్వే వాళ్ళ వివరమైన మ్యాపు) చదవడం, అన్నీ కొన్ని పేజీల్లో చెప్పేశారు, పైగా పీడీఎఫ్ ఉచితం. అందులో ప్రొజెక్షన్ ఒకటి చేత్తో గీయమంటారు, స్కేలు, కంపాస్ తీసుకుని నిజంగానే గియ్. సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్కుతో చేసేదేమిటో చేత్తో గీసినవాళ్ళకి తెలిసినట్టు మిగతావాళ్ళకి తెలియదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక ప్రొజెక్షన్ల దగ్గర కాస్త ఎక్కువ రోజులు ఉండు. అందరూ ఈ అధ్యాయమే దాటేస్తారు, తర్వాత ఇక్కడే పడతారు. బస్టాండు చుట్టూ ఒక బఫర్, అంటే ఇంత దూరం దాకా అనే హద్దు, గీయమని దూరం 1 అని ఇచ్చావనుకో, నీ లేయరు డిగ్రీల్లో ఉంటే ఆ ఒకటి కిలోమీటరు కాదు, ఒక డిగ్రీ, అంటే దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి మీటర్లలో ఉండే యూటీఎం అనే ప్రొజెక్షన్ పద్ధతికి మారాలి. అక్కడ మళ్ళీ ఇంకో చిక్కు, మన ఆంధ్రాకి ప్రత్యేకం. యూటీఎం జోన్లు ఆరేసి డిగ్రీలు. మన దగ్గర 78 డిగ్రీల రేఖాంశానికి పడమట 43వ జోను, 78 నుంచి 84 దాకా 44, ఆ పైన 45. మీ అనంతపురం ఊరు 43లో పడుతుంది, విజయవాడ 44లో, అటు చివర ఇచ్ఛాపురం 45లో. ఒకే రాష్ట్రం, మూడు జోన్లు! ఊరి మ్యాప్ అయితే ఆ ఊరి జోను పెట్టుకో, గొడవ లేదు. రాష్ట్రం మొత్తం ఒక మ్యాపులో పెట్టాలంటే ఏం చేయాలి, జనసాంద్రత చూపించాలంటే వైశాల్యం చెడని ప్రొజెక్షన్ ఏది, ఇలాంటి వాటికి జాన్ స్నైడర్ పుస్తకం ఉంది, ‘మ్యాప్ ప్రొజెక్షన్స్: ఎ వర్కింగ్ మాన్యువల్’, 1987లో అమెరికా జియలాజికల్ సర్వే వేసింది, అది కూడా ఉచితమే. ఫార్ములాలు చూసి టెన్షన్ పడకు, వాటిని వదిలేసి ప్రతి ప్రొజెక్షన్ మొదట్లో ఉన్న లక్షణాలు, దేనికి వాడతారు అన్న పేజీలు మాత్రం చదువు. ఆయన వృత్తికి కెమికల్ ఇంజనీరు, ఖాళీ టైములో ఇంట్లో కూర్చుని ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలకు సరిపడే ప్రొజెక్షన్‌కి లెక్కలు కట్టాడు. డిగ్రీ వేరే సబ్జెక్టులో చేశానని నువ్వు తెగ బెంగపడుతున్నావు కదా, అందుకే చెప్తున్నా.

పాత టోపోషీట్లు స్కాన్ చేసి వాడేటప్పుడు కూడా ఈ అధ్యాయమే పనికొస్తుంది. అవి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అనే పాత భూమి ఆకారపు లెక్క మీద వేసినవి, నీ ఫోన్ జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఆ తేడా చూసుకోకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన వైపు వంద మీటర్లకు పైనే పక్కకు జరుగుతాయి, గుడి వెళ్ళి చెరువులో కూర్చుంటుంది. కొత్త ఓపెన్ సిరీస్ మ్యాపులకు ఆ బాధ లేదు, సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో 1:50,000వి దింపుకో, రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు అన్నమాట.

తర్వాత మార్క్ మోన్మోనియర్ రాసిన ‘హౌ టు లై విత్ మ్యాప్స్’. 1991లో మొదటిసారి వచ్చింది, చిన్న పుస్తకం, సరదాగా ఉంటుంది, ఇదొక్కటి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదవచ్చు. చదివాక 2011 జనాభా లెక్కలు తీసుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల మ్యాప్‌కి జనాభాను బట్టి రంగులు వెయ్యి. హైదరాబాద్ జిల్లాలో 39 లక్షల పైచిలుకు, అనంతపురంలో దాదాపు 41 లక్షలు, కాబట్టి రెండింటికీ ఇంచుమించు ఒకే రంగు పడుతుంది. కానీ హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, అనంతపురం 19 వేలు దాటింది! చూసేవాడికి అనంతపురమంతా జనంతో కిటకిటలాడుతున్నట్టు, హైదరాబాద్ ఒక చుక్కలాగా కనిపిస్తుంది. మొత్తం సంఖ్యలకు జిల్లా అంతా రంగు పూయకూడదు, వృత్తాలు పెట్టాలి, రంగు వేయాలనుకుంటే వైశాల్యంతోనో జనాభాతోనో భాగించి వెయ్యాలి. పేపర్లలో, టీవీల్లో రోజూ ఈ తప్పుడు మ్యాపులే, ఒకసారి కన్ను అలవాటు పడితే ఇంక వార్తలు ప్రశాంతంగా చూడలేవు.

ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకని తలనొప్పి ఒకటి నీకు అప్పుడే తగులుతుంది. లెక్కలు 2011వి, సరిహద్దులు ఇప్పటివి. తెలంగాణ పది జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రాలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి, మీ జిల్లాలోంచే శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. 2014లో ఖమ్మం నుంచి పోలవరం ముంపు మండలాలు ఇటొచ్చాయి. జిల్లా పేరు కలిసింది కదా అని టేబుల్‌ని షేప్‌ఫైల్‌తో (సరిహద్దులుండే ఫైలు) జాయిన్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు, చక్కగా తప్పు మ్యాప్ ఇస్తుంది. మండలాల అంకెలు కూడుకుంటూ రావాలి, మండలాలు కూడా మారిన చోట ఊళ్ళ దాకా దిగాలి. విసుగ్గా ఉంటుంది. ఈ పనిలో ఎక్కువ భాగం ఇదే మరి.

రంగులకు సింథియా బ్రూవర్ ‘డిజైనింగ్ బెటర్ మ్యాప్స్’. ఖరీదు ఎక్కువ, లైబ్రరీలో దొరికితే సరే, లేకపోతే ఆవిడ చేసిన కలర్‌బ్రూవర్ రంగుల వరసలు క్యూజీఐఎస్‌లోనే ఉన్నాయి. తక్కువ నుంచి ఎక్కువకి వెళ్ళే అంకెలకు ఒకే రంగు లేతగా మొదలై ముదురుతుంది, సగటు లాంటి ఒక మధ్య అంకెకి అటూ ఇటూ అయితే రెండు రంగులు, రకాలు మాత్రమే అయితే వేర్వేరు రంగులు. ఇంద్రధనస్సు రంగులన్నీ ఒకే మ్యాపులో పోయకు, దయచేసి.

పేర్లు రాయడం గురించి ఇంగ్లీషు పుస్తకాలు చెప్పేది తెలుగుకి సగమే పనిచేస్తుంది. చుక్కకి కుడివైపు పైన పేరు పెట్టమంటారు, బాగానే ఉంటుంది. నదుల పేర్లు ఇటాలిక్స్‌లో పెట్టమంటారు, మన అక్షరాలను వంచితే గుండ్రాలన్నీ నలిగినట్టుంటాయి, నీలం రంగు చాలు. విశాలమైన ప్రాంతాల పేర్లకు అక్షరాలు దూరం దూరం జరపమంటారు, కొన్ని సాఫ్ట్‌వేర్లలో అలా జరిపితే ఒత్తులు ఊడిపోయి వేరే పడతాయి. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కంటే ఒక సైజు పెద్దది పెట్టు, రెండు లైన్ల మధ్య జాగా ఎక్కువ వదులు. ‘జయశంకర్ భూపాలపల్లి’ని ఏం చేస్తావో నీ ఇష్టం!

జాక్ బెర్టిన్ పుస్తకం, రాబిన్సన్ ‘ఎలిమెంట్స్ ఆఫ్ కార్టోగ్రఫీ’ గొప్పవే, కాదనను, కానీ ఇప్పుడే కొనకు. బెర్టిన్‌ది 1967 నాటి ఫ్రెంచి పుస్తకం, ఇంగ్లీషులోకి వచ్చింది గానీ గట్టి గింజ. సైజు, ముదురు-లేత తేడా ఎంత ఉందో చూపడానికి, ఆకారం, రంగు ఏ రకమో చూపడానికి అన్న ముక్క ప్రస్తుతానికి ఆయన్నుంచి తీసుకో. స్పేషియల్ స్టాటిస్టిక్స్ పుస్తకాలు కూడా తర్వాతే, ఎమ్మెస్సీకి వెళ్తే వాళ్ళే చదివిస్తారు.

మండలాల మ్యాప్ అయ్యాక ఏ4 కాగితం మీద జిరాక్స్ షాపులో నలుపు-తెలుపులో ప్రింట్ తీయించు. అందులో కూడా ఎక్కువ తక్కువలు తెలిస్తే రంగులు సరిగ్గా ఎంచుకున్నట్టు. పీడీఎఫ్ నాకు పంపు, వాట్సాప్‌లో ఫోటో తీసి కాదు, ఫైలే పంపు. స్కేల్ బారు, డేటా ఏ సంవత్సరానిదో, ఏ ప్రొజెక్షనో మూలన చిన్నగా రాయి. అవి లేకపోతే చూడకుండానే వెనక్కి పంపిస్తా.

పెద్దమ్మ