మాట వినిపిస్తుంది, అర్థం కాదు... ఎమ్మారై తీయించాలా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. స్పిన్నింగ్ మిల్లులో పని. షుగర్ ఉంది. ఏడాదిగా పెళ్లిళ్లలో, హోటళ్లలో మాట వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు. ఆర్నెల్ల క్రితం వినికిడి పరీక్ష నార్మల్ అన్నారు. మెదడులో లోపమా? ఎమ్మారై తీయించాలా? ఐదు రోజులుగా ఎడమ చెవి దిబ్బడగా ఉండి గుయ్యిమంటోంది. మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేస్తున్నాను.
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఎమ్మారై సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన ఎడమ చెవి గురించే నా కంగారు. అది గులిమి కావచ్చు, జలుబు కావచ్చు. లోపలి చెవి నరం ఉన్నట్టుండి దెబ్బతిని కూడా ఉండొచ్చు. అదే అయితే స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. మీరు ఐదు రోజులు చుక్కలకే పోగొట్టారు.

నోరు మూసుకుని 'మ్మ్' అనండి. ఆ మోత దిబ్బడ చెవిలో గట్టిగా వినిపిస్తే ఏదో అడ్డు ఉందని, బాగున్న చెవి వైపు పోతే నరం దెబ్బతిందని అనుమానిస్తాం. ఇది సూచన మాత్రమే. ఎటు వినిపించినా ఇది చదివిన రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

చుక్కలు ఆపేయండి. కర్ణభేరికి చిల్లు ఉంటే జెంటామైసిన్ లాంటివి లోపలి చెవినే పాడుచేయగలవు. షాపతను మీ చెవిలోకి చూసి ఇవ్వలేదు కదా! మనవాళ్లు ముందు మెడికల్ షాపుకు, తర్వాత కొబ్బరినూనెకు, చివరికి మా దగ్గరికి వస్తారు.

ఇక మీ ప్రశ్న. రొదలో ఒక్క గొంతును ఏరుకునే పని మెదడుదే. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో పరిశీలించారు. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనక చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మాట ఎటు నుంచి వస్తోందో మెదడు పట్టుకోవడానికి అదో ముఖ్యమైన ఆధారం. అందుకే ఒక చెవి మందగించినా పెళ్లిలో మాట తెలియదు.

మీరు చేయించిన పరీక్ష నిశ్శబ్దపు గదిలో బీప్‌లు వినబడ్డాయా అనే చూస్తుంది. మేళం మోతలో 'పాట' అన్నారో 'పాక' అన్నారో తెలిసిందా అని చూడదు. రొదలో మాటలు వినిపించి చేసే పరీక్ష వేరే ఉంది, ఆడియాలజిస్టును అడగండి. పెద్ద మోతకు చెవి కణాలకూ నరానికీ మధ్య అతుకులు తెగడం 2009లో ఎలుకల్లో కనిపించింది. మనుషుల్లో ఇంకా పూర్తిగా తేలలేదు. అయినా మిల్లులో ఇయర్ ప్లగ్స్ మానొద్దు.

ఎమ్మారై మీ అంతట మీరు తీయించొద్దు. ఎడమ చెవి నరమే దెబ్బతిందని తేలితే, దాని మీద గడ్డ ఏమైనా ఉందేమో చూడ్డానికి డాక్టరే రాయొచ్చు.

షుగర్ ఉందని తప్పక చెప్పండి, స్టెరాయిడ్‌తో అది పెరుగుతుంది. పాత రిపోర్టు, ఆ చుక్కల సీసా వెంట తీసుకెళ్లండి.