తలూపే ప్రేమికుడు వద్దు

చిరంజీవి స్రవంతికి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి విజువల్ నావెల్ చేస్తున్నావట. విశాఖలో జరిగే ప్రేమకథ, ఒక అమ్మాయి, ముగ్గురు అబ్బాయిలు అని చెప్పాడు. "బొమ్మలు వస్తాయట, మాటలు చదువుకోవాలట, మధ్యమధ్యలో ఏం చెయ్యాలో మనమే నొక్కాలట. ఇది తిండి పెడుతుందా చెల్లాయ్?" అన్నాడు. పదకొండేళ్ళు నాకు పెట్టింది కదా అన్నయ్యా అన్నాను. నువ్వు రాసుకున్న రెండు పేజీల సారాంశం కూడా వాట్సాప్‌లో పంపాడు. చదివి చాలా గర్వపడ్డాను. ఆ రెండో పేజీ చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు చిన్న విషయాలు. మొదట ఒక్క అబ్బాయి కథే పూర్తి చెయ్యి, మిగతా ఇద్దరి సంగతి ఆ తర్వాత. ఫైళ్ళు రోజూ రెండు చోట్ల దాచుకో. ఇలాంటి కథలు తయారుచేసే రెన్‌పై సాఫ్ట్‌వేర్ వాడుతున్నావట, మంచిదే. 2004 నుంచి ఉంది, ఉచితం. జపనీస్‌లో ప్రేమకు వాడే 'రెన్‌అయ్' అన్న మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. మొదటి రోజే 'స్త్రీ', 'లక్ష్మి', 'ఉత్కృష్టం' లాంటి మాటలు తెరమీద పెట్టి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకో. బొమ్మలు గీసే అమ్మాయితో డబ్బు సంగతి ముందే మాట్లాడు. రాత్రి పన్నెండు దాటాక రాయకు.

ఇక అసలు విషయం. ఈ తరహా ఆటలు జపాన్‌లో పుట్టి పెరిగాయి. 1994లో టోకిమెకి మెమోరియల్ వచ్చింది. అదే ఏడాది కోయెయ్ కంపెనీలో ఆడవాళ్ళ బృందం ఆడపిల్లల కోసం ఏంజెలీక్ చేసింది. టోకిమెకిలో అంతా లెక్కలే: ఎంత చదివావు, ఎంత ఆడావు, ఏ అమ్మాయికి నీ మీద ఎంత మనసుంది. కానీ ఒక అమ్మాయిని చాలా రోజులు పట్టించుకోకపోతే ఆమె పేరు పక్కన బాంబు గుర్తు పడుతుంది. అది పేలితే మిగతా అమ్మాయిలకూ నీ మీద మనసు తగ్గిపోతుంది. అంటే నువ్వు లేనప్పుడు వాళ్ళు బాధపడతారు, ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. అన్ని లెక్కల మధ్య కూడా ఆ పిల్లలకు తమదైన బతుకు ఒకటి ఉందని నాకు నమ్మకం కలిగింది అక్కడే. దాన్నే నేను ఒకసారి చేతులారా పాడు చేశాను.

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఫోన్‌లో చదివే ప్రేమకథలు రాసేదాన్ని. ఒక కథలో వాసు అని పశువుల డాక్టరు ఉండేవాడు. కోనసీమలో ఒక లంక గ్రామం వాడిది. స్కూటరు పంటు మీదికి ఎక్కించుకుని వెళ్ళి, ఈనబోయే గేదెల దగ్గర తెల్లార్లూ కూర్చునేవాడు. ఏడో భాగంలో హీరోయిన్‌కు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది. 'నాతో వచ్చెయ్' అని నొక్కితే, వాసు "రాలేను. వానాకాలం వస్తోంది. ఈ లంకలో పశువులను చూసేవాణ్ణి నేనొక్కణ్ణే" అని, చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళిపోతాడు. నేను రాసిన వాటిలో నాకు బాగా ఇష్టమైన సీను అది.

విడుదలకు ముందు చదివినవాళ్ళలో చాలామందికి కోపం వచ్చింది. ఇంతసేపు మంచివన్నీ చూసి చూసి నొక్కితే, చివరికి కాదనిపించుకోవాలా అన్నారు. మీటింగ్ పెట్టారు. చదివేవాళ్ళను బాధపెట్టొద్దన్నారు. అంతకుముందు రెండుసార్లు నేను వాదించి నా సీన్లు నిలబెట్టుకున్నాను. ఆ రోజు వాదించలేదు. రెండు రాత్రులు కూర్చుని తిరగరాశాను. వాసు వస్తానన్నాడు. ఎనిమిదో భాగంలో ఫ్లాట్‌లో కాఫీ కలిపాడు. తొమ్మిదో భాగంలో ఆమె ఆలస్యంగా వచ్చినా నవ్వాడు, తిట్టినా నవ్వాడు. ఏది నొక్కినా మనసు మీటరు పైకే వెళ్ళేది. గంగిరెద్దు తలూపినట్టు ఊపించాను వాడి చేత.

మా దగ్గర టెస్టింగ్‌కు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వచ్చేది. మొత్తం చదివి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆ లంకలో పశువులను ఇప్పుడెవరు చూస్తున్నారు?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్ల వాసునూ, వాడి గేదెలనూ అంతగా నమ్మింది. రాసిన నేను నమ్మకుండా వదిలేశాను.

ఎందుకు వాదించలేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు మీ మామయ్యకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఏమిచ్చినా వద్దనేవారు. మజ్జిగ వద్దు, టీవీ వద్దు, పక్కన కూర్చోవద్దు. పగలంతా ఆ మాట విని విని, రాత్రయ్యేసరికి నేను ఏమడిగినా సరేననే మనిషి ఒకడు నాకే కావలసి వచ్చాడు. వాసును అలా మార్చుకున్నాను. అడిగింది కంపెనీ అయినా, చేసింది నేనే.

మీ మామయ్య పోయిన మరుసటి ఏడాది కతావా షోజో అనే విజువల్ నావెల్ చదివాను. నెట్‌లో కలిసిన వేర్వేరు దేశాల వాళ్ళు జీతం లేకుండా, నువ్వు వాడే రెన్‌పైలోనే చేసి, 2012లో ఉచితంగా విడుదల చేశారు. వైకల్యం ఉన్న పిల్లలు చదివే స్కూల్లో జరిగే కథ. హనాకో అనే అమ్మాయికి చిన్నప్పుడు ఇల్లు తగలబడి ఒంటిమీద కాలిన మచ్చలు మిగిలాయి. మనుషులంటే బెదురు. నేను ప్రతిచోటా ఆమెను కాపాడుతూ వచ్చాను. ఒంటరిగా ఉంటానన్న రోజు కూడా ఉండబట్టలేక వెళ్ళాను. ఆమె విరుచుకుపడింది. అన్నాళ్ళ నా జాలిని నా ముఖాన కొట్టింది. కథ చెడ్డ ముగింపుకు వెళ్ళిపోయింది.

లాప్‌టాప్ మూసి వరండాలో కూర్చున్నాను. "కాసేపు నన్ను ఒక్కణ్ణి వదిలెయ్" అని ఆయన అన్న ప్రతిసారీ తలుపు తోసుకుని వెళ్ళినదాన్ని నేను. మంచిదనుకుని నొక్కినదే ఆమెను గాయపరిచిందంటే, ఆమెకు నా మీద ఆధారపడని మనసు ఒకటి ఉందని కదా. ఆ రాత్రి హనాకో కోసం ఏడ్చానో, ఆయన కోసం ఏడ్చానో నాకు తెలియదు.

అందుకే స్రవంతీ, నీ కథలో ఎంపికలు ఒకటి తియ్యగా, ఒకటి మొరటుగా, ఒకటి వెటకారంగా పెట్టకు. ఏది నొక్కాలో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది, ఆపైన అది పరీక్ష పేపరు. రెండూ మంచివే అయ్యి, ఒకటి ఎంచుకుంటే రెండోది పోయేలా పెట్టు. అతను రావద్దన్న రోజు వెళ్ళాలా, మానాలా? ఫలితం వెంటనే చూపించకు. ఆమె ఆడిన చిన్న అబద్ధం మూడు భాగాల తర్వాత, హాయిగా టీ తాగుతున్నప్పుడు అతనికి గుర్తు రానివ్వు. ప్రేమిస్తున్నానని చెప్పడంతో కథ ముగించాలని కూడా లేదు. 2004లో వచ్చిన క్లానాడ్ అనే విజువల్ నావెల్ పెళ్ళి దాటి వెళుతుంది. ఆ అబ్బాయి కరెంటు పనికి వెళ్ళి అలసి ఇంటికి రావడం, తండ్రితో వాడికున్న పాత గాయం ఉండబట్టే ఆ ప్రేమకు అంత బరువు వచ్చింది. మీ విశాఖ అబ్బాయిలకు జీతాలెంత? ఒక్కడికీ రాయలేదు నువ్వు.

ఇక రెండో పేజీ సంగతి. లైబ్రరీలో కలిసే ఆ రెండో అబ్బాయి ఎన్నాళ్ళయినా ఎదురుచూస్తాడని, ఏమన్నా కోపం తెచ్చుకోడని, ఎప్పటికీ వదిలిపోడని రాశావు. మార్చిలో నువ్వు ఫోన్‌లో ఏడ్చినప్పుడు అతని పేరు నేను అడగలేదు, ఇప్పుడూ అడగను. కానీ ఆ మూడు వాక్యాలు చదవగానే నాకు వాసు గుర్తొచ్చాడు. ఆరు నెలలు గదిలో తలుపేసుకుని ఆ అబ్బాయితోనే ఉండిపోతావేమోనని నా భయం. నీ కథ చదివేవాళ్ళ గురించి కూడా భయమే. రాత్రి రెండింటికి మాకు మెయిళ్ళు వచ్చేవి, చాలావరకు ఒంటరివాళ్ళవి. అలాంటివాళ్ళకు తియ్యటి మాట అమ్మడం చాలా తేలిక, నువ్వు ఆ పని చెయ్యొద్దు.

నీ బాధ రాయొద్దని అనడం లేదు తల్లీ. 2018లో ఆస్ట్రేలియా వాళ్ళు చేసిన ఫ్లోరెన్స్ ఒకసారి ఆడు, గంట కూడా పట్టదు. మాట్లాడాలంటే మాట బుడగను ముక్కలు పేర్చి కట్టాలి. మొదటిసారి కలిసినప్పుడు చాలా ముక్కలు. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గి మాట తేలికవుతుంది. గొడవలో ఆ ముక్కలకే పదునైన అంచులు వస్తాయి. చివరికి ఆ ప్రేమజంట విడిపోతుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అది ఆడిన తర్వాత ఆ రెండో పేజీ మళ్ళీ చదువుకో. ఏడుపొస్తే రాయడం ఆపి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఆదివారం లోపు నాకు ఒక్క పేజీ పంపు. హీరోయిన్ లేని పేజీ. సాయంత్రం ఏడింటికి లైబ్రరీ మూసేశాక ఆ అబ్బాయి ఎక్కడికి వెళతాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు, ఏం వండుకుంటాడు, అది రాయి.

ప్రేమతో,
అత్తయ్య