చెట్టెక్కే పిల్లాడిని ఆపాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. సెలవులకి సోంపేట దగ్గర మా అమ్మవాళ్లింటికి వస్తే రోజంతా తోటలోనే ఉంటాడు. జీడి, మామిడి, నేరేడు, ఏ చెట్టునీ వదలడు. "మీరెక్కలేదేటి?" అంటుంది మా అమ్మ. పక్కింటి అబ్బాయి పడి చెయ్యి విరిగినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఎక్కొద్దని ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దమ్మా. వద్దంటే మీ కంట పడని చెట్టు ఎక్కుతాడు. అక్కడ పడితే చూసేవాళ్లుండరు, నాకు అదే ఎక్కువ భయం.

ఏ చెట్టు ఎక్కొచ్చో మీ అమ్మగారికే బాగా తెలుసు, ఆవిణ్ణే నేర్పమనండి. మునగ, నేరేడు కొమ్మలు పెళుసు, చూడ్డానికి లావుగా ఉన్నా పుటుక్కున విరుగుతాయి. 2018లో తిత్లీ తుపాను చూసిన ఊళ్లకి నేను చెప్పక్కర్లేదు, గాలివాన తర్వాత పచ్చగా కనబడే కొమ్మ కూడా లోపల చీలి ఉండొచ్చు. తడి బెరడు మీద కాలు జారుతుంది. కరెంటు తీగల దగ్గరున్న చెట్టు మాత్రం అసలు వద్దు, అక్కడ ఇనప దోటితో కాయలు కూడా కొయ్యనివ్వకండి.

మీరు కింద నిలబడి చెయ్యి చాస్తే బాబు పాదం అందాలి, ఇప్పటికి ఆ ఎత్తు చాలు. రెండు కాళ్లు, రెండు చేతుల్లో ఏవో మూడు ఎప్పుడూ చెట్టుని పట్టుకునే ఉండాలి. తనంతట తాను ఎక్కలేని కొమ్మ మీదకి మీరు ఎత్తి కూర్చోబెట్టొద్దు, దిగడం రాదు. చెట్టు కింద రాళ్లు, కంచె కర్రలు ఉంటే ముందే తీసేయించండి.

ఇక పడ్డాక జరిగే తప్పు గురించి చెప్పాలి. కొన్నేళ్ల కిందట తొమ్మిదేళ్ల పాపని నా దగ్గరికి తెచ్చారు. జామచెట్టు మీంచి పడితే మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. ఊళ్లో ఎవరో పసరు రాసి, వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టారు. రెండు రోజులైంది. వేళ్లు ఉబ్బి, నీలంగా ఉన్నాయి. నేను ఒక్క వేలు మెల్లగా చాపబోతే కేక పెట్టింది. ఎముక అతుక్కుంది గానీ ఆ వేళ్లు మళ్లీ పూర్తిగా చాచుకోలేదు. పెన్సిల్ ఎడమచేత్తో పట్టడం నేర్చుకుంది.

పడేటప్పుడు పిల్లలు చెయ్యి ముందుకి చాపుతారు. బరువంతా మోచేతి పైనున్న సన్నటి ఎముక మీద పడుతుంది. లోపల వాపు పెరుగుతుంటే బిగుతు కట్టు సాగదు, కండకి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. అందుకే చేతిని లాగొద్దు, సరిచెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టుగా అట్టముక్క ఆసరా పెట్టి, వదులుగా గుడ్డ కట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వేళ్లు చల్లబడినా, తెల్లబడినా ఒక్క గంట కూడా ఆగొద్దు. ఆపరేషన్ కావాల్సి రావచ్చు కాబట్టి దారిలో తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి.

మెడ, నడుము నొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి, కదపకుండా 108కి ఫోన్ చెయ్యండి. తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మత్తుగా పడుకున్నా, చెవిలోంచో ముక్కులోంచో నీరు కారినా అంతే.

అన్నట్టు, ఐదేళ్లు నిండాక వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో ఈ రోజే టీకాల కార్డు తీసి చూడండి. తోటలో గీసుకుపోయిన గాయాలకి ధనుర్వాతం భయం ఉంటుంది.